పెళ్ళయ్యాక రుద్రమ ఏం చేసింది?

మా అమ్మ పెద్దగా చదువుకోలేదు. కూడబలుక్కుని చదివేది గాని లావుపాటి పుస్తకం పట్టుకుని కూర్చునే తీరిక ఆమెకెప్పుడూ లేదు. నాకు పదకొండేళ్ళప్పుడు నాన్న పోయారు. కాట్రేనికోనలో మాకున్నది పెంకుటిల్లు, ఎకరంన్నర కొబ్బరితోట. రాత్రి తమ్ముడు పడుకున్నాక అమ్మ బుడ్డిదీపం దగ్గర కూర్చుని కొబ్బరాకుల ఈనెలు తీస్తుండేది. గ్రంథాలయం నుంచి తెచ్చిన నవల నేను పైకి చదివేదాన్ని. అలా చదివిన వాటిలో అడవి బాపిరాజు గారి ‘గోన గన్నారెడ్డి’ ఒకటి. పూర్తవడానికి నెల పైనే పట్టింది. ఆఖరి పేజీ చదివి పుస్తకం మూశాక అమ్మ అడిగింది:

“అయితే పెళ్ళయ్యాక ఏం చేసిందే ఆవిడ?”

“రాజ్యం ఏలిందమ్మా.”

“అదెక్కడ రాశారు?”

“ఇందులో లేదు.”

అమ్మ ఇంకేమీ అనలేదు. ఈనెల కట్ట బిగించి మూల పెట్టింది. ఆ ప్రశ్న నన్ను యాభై ఏళ్ళుగా వదల్లేదు. ఆ తర్వాత రుద్రమ మీద సినిమా వచ్చింది. రాణులూ రాజమాతలూ నిండిన ‘బాహుబలి’ వచ్చింది. మా అమ్మ అడిగినదానికి జవాబు మాత్రం రాలేదు. మన చారిత్రక నవలాకారులకీ, వాళ్ళ వెనకే వచ్చిన జానపద, చారిత్రక చిత్రాల దర్శకులకీ ఆడదాని కథ పెళ్ళి దగ్గరో, కిరీటం దగ్గరో ఆగిపోతుంది. ఆమె ఏలిన కాలం వాళ్ళకి అక్కర్లేదు. ఆమె ముసలితనం అంతకన్నా అక్కర్లేదు. ఇది పొరపాటని నేను అనుకోను. ఇదొక అలవాటు, అదీ పితృస్వామ్యం నేర్పిన అలవాటు.

ముందు బాపిరాజు గారి సంగతి. ఆయన మా గోదావరి జిల్లాల మనిషి, చిత్రకారుడు. చీర అంచు గురించీ నగ చెక్కడం గురించీ ఆయన రాస్తే రంగులు కనబడతాయి. 1940లలో ఒక స్త్రీని సార్వభౌమురాలిగా చూపించి, ఆమె ముందు సామంతుల తలలు వంపించిన రచయిత ఆయన. ఆ నవలలో ఆడవాళ్ళు గుర్రాలెక్కుతారు, రాజకీయం మాట్లాడతారు, ఒకరికొకరు అండగా నిలబడతారు. ఆ వయసులో నాకది ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. ఆ రుణం కాదనను.

అయినా అట్ట మీదున్న పేరు ఎవరిది? సింహాసనం ఆమెది, శీర్షిక అతనిది. గన్నారెడ్డి పేరుకి గజదొంగ, లోపల కాకతీయ సామ్రాజ్యానికి కావలివాడు. రుద్రమకి తెలియకుండానే ఆమె రాజ్యాన్ని కాపాడుతుంటాడు. అంటే ఆడది గద్దె మీద కూర్చోవచ్చు గాని, ఆ గద్దె కదలకుండా పట్టుకోవడానికి చీకట్లో ఒక మగవాడు ఉండాలి! ఇక కథ నడక చూడండి. రుద్రమదేవుడిగా పెరిగిన పిల్ల లోపలి ఆడతనం ఎప్పుడు బయటపడుతుంది, చాళుక్య వీరభద్రుడి మీద ప్రేమ ఎప్పుడు పండుతుంది, అన్నాంబికకి గన్నారెడ్డి ఎప్పుడు దక్కుతాడు అనే ఉత్కంఠ మీదే అది నడుస్తుంది.

మాకు దగ్గర్లో మురమళ్ళలో భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామి గుడి ఉంది. అక్కడ స్వామికి నిత్యకళ్యాణం. పెళ్ళి కావలసినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి కళ్యాణం చేయించుకు వెళతారు. రాణుల విషయంలో మన నవలాకారులదీ ఇదే వరస, ఎప్పుడూ నిత్యకళ్యాణం పచ్చతోరణమే. పెళ్ళి మర్నాటి సంగతి పూజారికీ పట్టదు, రచయితకీ పట్టదు.

ఆ మర్నాటి సంగతి చరిత్రలో ఉంది. రుద్రమ 1262 నుంచి 1289 దాకా, అంటే 27 ఏళ్ళు పరిపాలించింది. కొడుకులు లేని గణపతిదేవుడు ఆమెను వారసురాలిగా నిలబెట్టాడు. శాసనాల్లో ఆమె ‘రుద్రదేవ మహారాజు’గా కనిపిస్తుంది. దేవగిరి యాదవరాజు మహాదేవుడి దండయాత్రను తిప్పికొట్టింది. తనకీ కొడుకులు లేకపోతే పెద్దకూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుని రాజ్యం అప్పగించింది. తాత నుంచి కూతురికి, కూతురి నుంచి మళ్ళీ కూతురి కొడుక్కి సాగిన వారసత్వం అది. ఆస్తి ఆడపిల్లకి ఇవ్వాలంటే ఇప్పటికీ గుండె రాయి చేసుకునే ఇళ్ళల్లో ఈ వంశవృక్షం పటం కట్టి పెట్టాలి.

ఇక ఆమె చివరి రోజులు. నల్గొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం దొరికింది. దాని తేదీ 1289 నవంబరు 27. పువ్వుల ముమ్మడి అనే సైనికోద్యోగి, శివలోకం చేరిన రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని దేవుడికి భూమి ఇచ్చినట్టు వేయించాడు. రాణీ సేనానీ ఒకేసారి పోయారు కాబట్టి, కాయస్థ అంబదేవుడి తిరుగుబాటును అణచడానికి వెళ్ళి ఆ యుద్ధంలోనే కన్నుమూసి ఉంటారని చరిత్రకారులు చాలామంది అంటారు. మనవణ్ణి పెంచి పెద్దచేసిన అమ్మమ్మ, రాజధానికి దూరంగా, సైన్యంతో పాటు ఉన్నచోట చనిపోయింది. ఇంతకన్నా పెద్ద కథ మన చరిత్రలో ఎన్ని ఉన్నాయి?

ఆ కాలంలో ఈమె ఒక్కతే అనుకుంటే అదీ తప్పే. రుద్రమ తోబుట్టువు గణపాంబను ధరణికోట పాలకుడు కోట బేతరాజుకిచ్చి చేశారు. భర్త పోయాక ఆ సీమను ఆమే ఏలింది. గుంటూరు దగ్గర యనమదలలో ఆమె శాసనం ఉంది. ఒకే తండ్రి బిడ్డలు ఇద్దరూ రాజ్యాలు ఏలారన్నమాట. నేను చదువుకున్న పాఠ్యపుస్తకాల్లో గణపాంబ పేరు ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ రోజుల్లో మోటుపల్లి రేవు సంగతులు రాసిన మార్కోపోలో ఇక్కడి రాణి న్యాయంగా పాలించిందని మెచ్చుకున్నాడు. కాని ఆమెను రాజుగారి భార్య అనుకున్నాడు, భర్త పోయాక ఏలుతున్న వితంతువని రాశాడు. ఆమె రాజు కూతురు. ఆడది గద్దె మీదుంటే అది మొగుడి గద్దే అయి ఉంటుందని వెనీసు నుంచి వచ్చినవాడికీ తోచింది! ఆ విషయంలో తూర్పూ పడమరా తేడా లేదు.

మా అమ్మ ఆ ప్రశ్న ఊరికే అడగలేదని నాకు పెద్దయ్యాక తెలిసింది. నాన్న పోయిన నెలకి దింపు వేయించాల్సి వచ్చింది. దింపు తీసేవాళ్ళతో కూలి మాట్లాడింది అమ్మే. రాశి దగ్గర నిలబడి కాయ లెక్కపెట్టిందీ, వెయ్యికాయకి ఇంతని వర్తకుడితో బేరమాడిందీ అమ్మే. అతను వాకిట్లోకి వస్తూనే “అమ్మగారూ, మగాళ్ళెవరూ లేరాండీ?” అనేవాడు. “ఆయ్, నేనున్నానండి” అనేది అమ్మ. అతను నవ్వి, బేరం అమ్మతోనే తెగ్గొట్టి, చీటీ మాత్రం మా తమ్ముడి పేర రాసిచ్చేవాడు. తమ్ముడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. శిస్తు రసీదూ వాడి పేరే. లెక్కల పుస్తకం మీద అమ్మ నాతో వాడి పేరే రాయించింది. “మగపేరుంటే ఎవరూ కాదనరే” అంది. రుద్రదేవ మహారాజు అనే పేరు శాసనాల్లో ఎందుకుందో పండితులు చాలా రాశారు. నాకు ఆ ముక్క మా ఇంటి లెక్కల పుస్తకం చెప్పింది.

1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమను తుడిచిపెట్టింది. మా మండలంలో బలుసుతిప్ప, ఏటి కవతల భైరవపాలెం లాంటి ఊళ్ళల్లో ఎందరు ఆడవాళ్ళు ఒక్క రాత్రిలో ఇంటి పెద్దలయ్యారో మా ప్రాంతం వాళ్ళకి తెలుసు. మా తోటలో సగం పైగా చెట్లు పడిపోయాయి. అమ్మకి అప్పటికి అరవై దాటాయి. పడిన చెట్లు నరికించి, గోతులు తీయించి, మళ్ళీ మొక్కలు వేయించింది. నష్టం రాసుకోవడానికి వచ్చినాయన ఇంటి యజమాని ఎవరని అడిగాడు. అమ్మ తన పేరు చెప్పింది. “అది కాదండీ, మగవాళ్ళ పేరు చెప్పండి” అన్నాడు. వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటున్న తమ్ముడి పేరే రాసుకున్నాడు. ఏడువందల ఏళ్ళు గడిచాక కూడా రుద్రమ మగపేరే పెట్టుకోవాలి!

ఇప్పుడు సినిమాల సంగతికొస్తాను. 2015 అక్టోబరు 9న గుణశేఖర్ ‘రుద్రమదేవి’ విడుదలైంది. దర్శకుడు తన సొంత సంస్థలో త్రీడీలో తీసిన సినిమా. ఆడదాన్ని మధ్యలో పెట్టి అంత డబ్బు పెట్టడానికి తెలుగులో ఎవరు సాహసిస్తారు? అందుకు గుణశేఖర్‌నీ, అంత బరువు మోసిన అనుష్కనీ మెచ్చుకోవాల్సిందే. కాని సినిమా చూసి వచ్చినవాళ్ళు మాట్లాడుకున్నది ఎవరి గురించి? అల్లు అర్జున్ వేసిన గోన గన్నారెడ్డి గురించి, అతని తెలంగాణ యాస గురించి. పక్కపాత్రగా వచ్చినవాడు సినిమాని ఎత్తుకుపోయాడు. బాపిరాజు గారి శీర్షిక ఎన్ని దశాబ్దాలైనా తన పని తాను చేసుకుపోయిందన్నమాట. కథ మళ్ళీ అక్కడే తిరిగింది. మగవేషంలో పెరగడం, ఆడదని తెలియడం, ప్రేమ, లోకం కాదనడం, చివరికి ఒప్పుకోవడం. ఆడదని ఒప్పుకున్నాక ఆమె ఏం చేసింది? ఏ చెరువు తవ్వించింది, ఏ సామంతుణ్ణి దగ్గర పెట్టుకుంది, ఎవణ్ణి దూరం పెట్టింది? తెర పడిపోయింది. అమ్మ బతికి ఉంటే మళ్ళీ అదే అడిగేది.

ఆ సినిమాకి తెలంగాణ ప్రభుత్వం వినోదపన్ను మినహాయించింది. ఆంధ్రప్రదేశ్‌లో మినహాయింపు దొరకలేదు. 2017 సంక్రాంతికి వచ్చిన ‘గౌతమీపుత్ర శాతకర్ణి’కి రెండు రాష్ట్రాలూ మినహాయించాయి. నా సినిమాకెందుకివ్వలేదని గుణశేఖర్ బహిరంగంగానే అడిగాడు. రుద్రమ తెలంగాణ రాణి కదా అని మా వైపు కొందరు సమర్థించారు. ఆమె మొగుడు మా గోదావరి పక్క నిడదవోలు చాళుక్యుడు. కోడలి వరసైనా గుర్తు రాలేదు! ఆమె ఏలుబడి మా కోస్తాలో కూడా ఉందన్న మాట అటుంచండి. రాజుకైతే తెలుగు జాతి మొత్తం బంధువే, రాణికి మాత్రం సరిహద్దులు అడ్డం వస్తాయి.

ఆ శాతకర్ణి ఘనత మనకి ఎలా తెలిసింది? నాసిక్ గుహలో అతని తల్లి గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం వల్ల. మనవడు పులుమావి పాలన 19వ ఏట, మహారాజు తల్లిని, మహారాజు నాయనమ్మని అని చెప్పుకుంటూ ఆ ముసలామె కొడుకు చేసిన పనులన్నీ రాతి మీద చెక్కించింది. ఆ రాయి లేకపోతే ఈ సినిమాలో సగం లేదు. ఆమె పేరు కొడుకు పేరులో ఉంది గాని, కొడుకు చరిత్రను మనకిచ్చిన మనిషిగా ఆమెను ఎవరు తలుచుకుంటున్నారు?

“చరిత్ర సినిమాలకి హద్దులుంటాయి, అల్లిన కథలు చూడండి, బాహుబలిలో ఆడవాళ్ళు ఎంత గొప్పగా ఉన్నారో” అని నాతో చాలామంది వాదించారు. సరే, చూద్దాం. అల్లిన కథకి శాసనంతో పని లేదు. జలపాతం ఎగబాకవచ్చు, హంస పడవని మబ్బుల్లో నడపవచ్చు. అంత స్వేచ్ఛ ఉన్న చోట ఆడదాన్ని ఎంతవరకు ఊహించారు?

2015లో వచ్చిన మొదటి భాగంలో అవంతిక ఆయుధం పట్టిన పోరాటకారిణి. దేవసేనను విడిపించడం ఆమె భుజాన వేసుకున్న పని. హీరో ఆమె నిద్రలో ఉండగా చేతి మీద బొమ్మ గీస్తాడు, తర్వాత ఆమె కత్తి దూస్తుంటే ఒంటి మీది బట్టలు లాగి, జుట్టు విప్పి, పెదాలకి రంగు పూసి ఆమెకే ఆమె ‘అందం’ చూపిస్తాడు. ఆమె మెత్తబడుతుంది. ఆమె పని అతను తీసుకుంటాడు. దీన్ని అత్యాచారమనే అన్నా వెట్టికాడ్ అప్పట్లో రాస్తే ఆమె మీద ఎన్ని బూతులు కురిశాయో గుర్తుంది కదా. 2025 అక్టోబరు 31న రెండు భాగాలూ కలిపి ‘బాహుబలి: ది ఎపిక్’ అని మళ్ళీ వదిలారు. నిడివి తగ్గించడానికి చాలా భాగం కోసేశారు. కోసినవాటిలో అవంతిక ప్రేమకథ ఒకటి. అమలాపురంలో చూసొచ్చిన మా చెల్లెలి మనవరాలు “ఆ అక్క ఎవరు అమ్మమ్మా, ఎందుకుంది?” అంది. ముందు ఆమె పని లాక్కున్నారు, పదేళ్ళకి ఆమెనే తీసేశారు. కథ చెడలేదు! అంటే మొదటి నుంచీ ఆమె లేకపోయినా నడిచే కథే రాసుకున్నారని వాళ్ళే ఒప్పుకున్నట్టు కాలేదా?

దేవసేన సంగతి. 2017లో రెండో భాగంలో తనను తాకబోయినవాడి వేళ్ళు ఆమె నరికినప్పుడు హాల్లో ఆడవాళ్ళం అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. మరుక్షణంలో బాహుబలి వస్తాడు. నరకాల్సింది వేళ్ళు కాదు, తల అని తేల్చి, తనే తల నరుకుతాడు. మా చప్పట్లు అటు తిరిగిపోయాయి. ఆమె చేసిన న్యాయం చాల్లేదట, మొగుడు వచ్చి పూర్తి చేయాలి! ఆ తర్వాత 25 ఏళ్ళు ఆమె గొలుసుల్లో ఉండి పుల్లలు ఏరుకుంటూ కొడుకు కోసం ఎదురుచూస్తుంది. ఇక శివగామి. రమ్యకృష్ణ కళ్ళెర్రజేస్తే కొలువంతా నిలబడుతుంది. రాజ్యం నడిపేదీ ఆమే. అయినా ఆమె ఏలుబడి మొత్తం ఇద్దరు మగపిల్లల్లో ఎవరికివ్వాలనే ప్రశ్న కోసమే. చివరికి పసివాణ్ణి ఒక చేత్తో పైకెత్తిపట్టి నీళ్ళలో మునిగిపోతుంది. వయసు మళ్ళిన ఆడదానికి ఆ కథలో ఉన్నవి రెండే చోట్లు. ఒకటి గొలుసు, రెండోది ఏరు.

ఆ శివగామి యవ్వనం మీద ఆనంద్ నీలకంఠన్ ఇంగ్లీషులో నవల రాశారు, ‘ది రైజ్ ఆఫ్ శివగామి’ అని, 2017లో. దాన్ని నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌గా తీస్తామని 2018లో ప్రకటించారు. కొంత తీసి, ఆపేశారు. కారణాలు వాళ్ళకి ఉంటాయి. నాకు కనిపించేది ఒక్కటే. ఆమె కథలోని మగవాళ్ళ సినిమాలు మళ్ళీ మళ్ళీ థియేటర్లకి వస్తున్నాయి, ఆమె సొంత కథ తెర దాకా రాలేదు.

“వినోదం కోసం తీసినదాంట్లో ఇన్ని వెతుకుతారేమిటి” అనేవాళ్ళకి ఒక మాట. మా ఊళ్ళో పిల్లలు చరిత్ర నేర్చుకునేది శాసనాల నుంచి కాదు, తెర మీద నుంచే. రుద్రమ అనగానే వాళ్ళకి తోచేది అనుష్క ముఖం. అందులో తప్పు లేదు. కాని ఆ ముఖం ఎప్పటికీ పాతికేళ్ళ దగ్గరే ఆగిపోతే, జుట్టు నెరిసిన ఆడది లెక్కలు చూస్తుందనీ, ఆజ్ఞ ఇస్తుందనీ, తప్పు చేస్తుందనీ, దాన్ని దిద్దుకుంటుందనీ వాళ్ళకి ఎవరు చెబుతారు? రేపు వాళ్ళలో ఒకడు కొబ్బరి వర్తకుడవుతాడు, ఒకడు నష్టం రాసుకునే ఉద్యోగి అవుతాడు. వాకిట్లో నిలబడి “మగాళ్ళెవరూ లేరా” అని అడుగుతాడు. ఆ ప్రశ్న వెనక ఈ కథలన్నీ ఉన్నాయి.

అమ్మ 2004లో పోయింది. ఎకరంన్నర తోటని ముప్ఫై ఏళ్ళు పైన నడిపిన మనిషి పేరు మీద భూమి కాగితం ఒక్కటీ లేదు. మరణ ధ్రువీకరణ పత్రంలో మాత్రం ఆమె పేరు ఉంది, పక్కన ఫలానా వారి భార్య అని. రుద్రమ ఆఖరి రోజుల గురించి మనకి చెప్పేదీ చావు తర్వాత వేయించిన రాయే. చందుపట్ల రాయి మీద ఆమె పేరు చెక్కించినవాడు కవి కాదు, ఆమె కొలువులో పనిచేసిన ఒక ఉద్యోగి.

రాసే చెల్లెళ్ళకి నా విన్నపం ఒకటే. రుద్రమ నవల ఇంకొకటి రాయండి. పెళ్ళితో మొదలుపెట్టండి, లేదా పెళ్ళిని ఒక్క వాక్యంలో ముగించండి. ఆ తర్వాతి 27 ఏళ్ళూ రాయండి. నడుం నొప్పితో గుర్రం ఎక్కిన అమ్మమ్మని రాయండి. గణపాంబకి ఉత్తరం రాస్తున్న అక్కనో చెల్లెలినో రాయండి, అది కల్పనే అయినా సరే. గన్నారెడ్డి ఉంటే ఉండనివ్వండి, శీర్షికలోకి మాత్రం రానివ్వకండి. ఆ పుస్తకం వస్తే నేను కాట్రేనికోనలో మా పాత ఇంటి అరుగు మీద కూర్చుని ఆఖరి పేజీ దాకా పైకి చదువుతాను.